డోలు దెబ్బకు ఆగిపోయే సబ్‌వూఫర్: నా అనుభవం

కారులో స్పీకర్‌కు శక్తినిచ్చే ఆంప్లిఫయర్ (ఆంప్) మీద ఎర్ర దీపం వెలిగి, మంద్రధ్వని పలికించే పెద్ద స్పీకరైన సబ్‌వూఫర్ మూగబోవడం మొదలైనప్పుడు, అది ఏయే వేళల్లో జరుగుతున్నదో గమనించి కాగితం మీద రాసుకోవడం నేను చేసిన మొదటి పని. తక్కువ శబ్దంలో ఎంతసేపు విన్నా ఏమీ కాలేదు. శబ్దం పెంచి నాదస్వర కచేరీ పెట్టుకుంటే, ఆలాపన సాగినంతసేపు బాగానే ఉండి, డోలు అందుకుని గట్టి దెబ్బలు వరుసగా పడగానే సబ్‌వూఫర్ ఆగిపోయేది. కొద్ది క్షణాల్లో తనంతట తానే తిరిగి పలికేది. ఇది ఒక తీరు. రెండో తీరు దీనికి భిన్నమైనది. మా కొత్తపట్నం నుంచి ఒంగోలు వెళ్లే దారిలో గతుకు మీద కారు ఎగిరినప్పుడు, పాట ఎంత మెల్లగా మోగుతున్నా సరే, ఒక్కసారిగా ఆగిపోయి, స్టీరియో ఆపి మళ్లీ వేస్తే తప్ప తిరిగి వచ్చేది కాదు. ఈ రెండూ ఒకే లోపం వల్ల కలుగుతున్నవి కాకపోవచ్చునన్న అనుమానం నాకు ఆ కాగితం చూసినప్పుడే కలిగింది.

కారు నేను మరొకరి దగ్గర కొన్నది. ఆంప్లిఫయర్, సబ్‌వూఫర్ అప్పటికే అందులో బిగించి ఉన్నాయి. ఆంప్ ఒకే ఛానల్ గల క్లాస్ డి రకం. స్పీకర్ నిరోధం 2 ఓమ్‌లు ఉన్నప్పుడు నికరంగా 500 వాట్లు ఇవ్వగలదని దాని వెనుక రాసి ఉంది. సబ్‌వూఫర్ 12 అంగుళాలది, నికర సామర్థ్యం 300 వాట్లు, నాలుగేసి ఓమ్‌ల కాయిళ్లు రెండు. ఆ రెంటినీ సమాంతరంగా కలిపితే 2 ఓమ్‌లు, వరుసగా కలిపితే 8 ఓమ్‌లు అవుతాయి. అట్టపెట్టెల మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసే వేల వాట్ల అంకెలను నేను లెక్కలోకి తీసుకోను. అవి క్షణకాలపు గరిష్ఠాలు. ఎడతెగకుండా ఇవ్వగల నికర వాట్లే పనికివచ్చే అంకె.

ఇంత శ్రద్ధ ఒక సబ్‌వూఫర్ మీద ఎందుకంటే, మా ఇంట్లో నాదస్వరం వినడం పెద్దల నుంచి వచ్చిన అలవాటు. ఒంగోలు పక్కనే ఉన్న కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా గారి వాద్యాన్ని ప్రయాణాల్లో వినకుండా మా నాన్నగారు ఉండరు. డోలు మంద్రధ్వని సన్నగా పలికినా, మధ్యలో తెగిపోయినా ఆయన వెంటనే గుర్తిస్తారు. పైగా డోలు దెబ్బ ఆంప్‌కు ఒక కఠిన పరీక్ష. శబ్దం లేని స్థితి నుంచి ఒక్కసారిగా పెద్ద మోతాదులో కరెంటు కావాలని అది అడుగుతుంది. ఆ క్షణంలో వైర్లు ఇవ్వలేకపోతే లోపం బయటపడుతుంది.

నెల్లూరులో ఒక కార్ డెకరేషన్ దుకాణానికి తీసుకువెళ్లాను. అక్కడి అబ్బాయి డిక్కీ తెరిచి, ఎర్ర దీపం చూసి, “ఆంప్ పోయింది సార్, కొత్తది వేసుకోండి” అన్నాడు. ఇంజిన్ ఆపి, పాట ఆపి, ఆంప్ టెర్మినళ్ల దగ్గర మీటరు పెట్టి చూస్తే 12.5 వోల్టులు వచ్చాయి కాబట్టి కరెంటు సరిగానే అందుతున్నదని అతని నిర్ణయం. ఆ మాట నాకు మింగుడు పడలేదు. చెడిపోయిన ఆంప్ తక్కువ శబ్దంలో గంటల తరబడి శుభ్రంగా ఎలా పాడుతుందన్న ప్రశ్నకు అతని దగ్గర జవాబు లేదు. ఒంగోలులో చాలా ఏళ్లుగా కార్ల కరెంటు పని చేస్తున్న ఒక పెద్దాయన ఉన్నారు. నేను బాబాయ్ అని పిలుస్తాను. సంగతంతా విని ఆయన ఒక్క మాటే చెప్పారు: “పాట ఆపి కొలిస్తే ఏ వైరైనా మంచి వైరే అబ్బాయ్. మోగుతుండగా కొలిచి చూడు.” ఈ మొత్తం వ్యవహారంలో నాకు దక్కిన అసలు సూత్రం ఇదే. వైరులో కరెంటు పారనప్పుడు, మధ్యలో ఎంత చెడ్డ అతుకు ఉన్నా వోల్టేజి నష్టం ఉండదు. మీటరు నిండుగా చూపిస్తుంది. కరెంటు పారుతున్నప్పుడే ఆ అతుకు తన నిరోధానికి తగినంత వోల్టేజిని మింగేస్తుంది.

ముందుగా లోపం స్పీకర్ వైపు ఉన్నదా, విద్యుత్ సరఫరా వైపు ఉన్నదా అన్నది తేల్చుకోవాలి. ఆంప్ నుంచి సబ్‌వూఫర్‌కు వెళ్లే రెండు వైర్లూ విప్పేసి, స్టీరియో శబ్దం పెంచి వదిలేశాను. ఎర్ర దీపం ఎంతసేపటికీ వెలగలేదు. దీన్నిబట్టి ఆంప్ లోపలి భాగాలు కాలిపోలేదని నమ్మవచ్చు, ఎందుకంటే అవుట్‌పుట్ భాగం కాలిపోయిన ఆంప్ సాధారణంగా స్పీకర్ లేకపోయినా ఎర్ర దీపం చూపిస్తుంది. అయితే ఈ పరీక్ష సరఫరా వైపును నిర్దోషిగా తేల్చదు. స్పీకర్ లేనప్పుడు ఆంప్ తీసుకునే కరెంటు చాలా స్వల్పం కనుక అక్కడి లోపం దాగి ఉండే అవకాశం అలాగే ఉంటుంది.

స్పీకర్ వైపు పని త్వరగా ముగిసింది. విప్పిన వైర్ల కొసల మధ్య మీటరు 1.8 ఓమ్‌లు చూపించింది. కాయిల్ నిరోధాన్ని మామూలు మీటరుతో కొలిచినప్పుడు పేరుకు చెప్పే విలువకన్నా కొంచెం తక్కువే వస్తుంది కాబట్టి, 2 ఓమ్‌ల సబ్‌వూఫర్‌కు ఇది సరైన అంకె. కోను మీద అరచేయి పరచి మెల్లగా నొక్కి వదిలితే ఎక్కడా గీరుకుంటున్న చప్పుడు లేదు. తర్వాత మీటరును, కొసల మధ్య కరెంటుకు దారి దొరికితే మోగే బజర్ మీద పెట్టి, ఒక కొసను స్పీకర్ వైరుకు, రెండో కొసను కారు బాడీలోని పెయింటు లేని ఇనుముకు తాకించి, వెనుక సీటును ముందుకూ వెనక్కూ కదిలించాను. సీటు గొళ్లెం పడిన చోట బజర్ మోగింది. వైరు ఆ గొళ్లెం కింద నలిగి, పైతొడుగు తెగి, లోపలి రాగి తళుక్కుమంటూ కనిపించింది. చాలా ఆంప్‌లలో స్పీకర్ వైర్లు రెండింటిలో ఏదీ బాడీకి తగలకూడదు. తగిలితే ఆంప్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. మా ఆంప్ అలా షార్ట్ అయినప్పుడు, ఆపి మళ్లీ వేసేదాకా తిరిగి పనిచేయదు. గతుకుల మీద ఆగిపోవడానికి కారణం ఇదే. నలిగిన ముక్కను కత్తిరించి పారేసి, కొత్త వైరును గొళ్లేనికి దూరంగా, ప్లాస్టిక్ గొట్టంలో దూర్చి వేశాను. అతుకుకు టేపు చుట్టి సరిపెట్టవచ్చు గాని, ఇనుము రాపిడి ఉన్నచోట టేపును నేను నమ్మను.

డోలు దెబ్బకు ఆగిపోవడం మాత్రం అలాగే ఉంది. మా ఆంప్‌కు వచ్చిన వివరాల పుస్తకం ప్రకారం ఎర్ర దీపం మూడు సందర్భాల్లో వెలుగుతుంది: స్పీకర్ వైపు షార్ట్, అధిక వేడి, తక్కువ వోల్టేజి. రోహిణి కార్తె ఎండల్లో, డిక్కీలో, కార్పెట్ కప్పిన చోట ఉన్న ఆంప్ వేడెక్కి ఆగిపోతుందని అనుకోవడం సహజమే. కాని వేడికి ఆగిన ఆంప్ చల్లబడడానికి చాలా నిమిషాలు తీసుకుంటుంది. మాది క్షణాల్లో తిరిగి పలుకుతున్నది, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు కూడా ఆగుతున్నది. కాబట్టి మిగిలింది వోల్టేజి ఒక్కటే.

ఇక్కడి నుంచి బాబాయ్ చెప్పిన పద్ధతి. పాటలో శబ్దం క్షణక్షణం మారుతుంది గనుక మీటరు దాన్ని అందుకోలేదు. అందుకని ఒకే స్థాయిలో సాగే 50 హెర్ట్జ్ పరీక్ష ధ్వనిని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, కారును ఆరుబయట నిలిపి, ఇంజిన్ నడుస్తుండగా, ఆంప్ ఆగిపోయే స్థాయికి కాస్త దిగువన శబ్దం ఉంచి, కొద్ది సెకన్ల పాటు మాత్రమే మోగిస్తూ కొలిచాను. ఎడతెగని ధ్వనిని ఎక్కువసేపు వదిలితే కాయిల్ వేడెక్కి కాలిపోతుంది. ఈ విషయంలో తొందరపాటు పనికిరాదు. ఇంజిన్ నడుస్తున్న కారుతో మూసిన షెడ్డులో ఈ పని చేయకూడదు, పొగ ప్రాణాంతకం.

ధ్వని మోగుతుండగా బ్యాటరీ టెర్మినళ్ల మీద 13.6 వోల్టులు ఉన్నాయి. అదే సమయంలో ఆంప్ టెర్మినళ్ల మీద 11.1 వోల్టులే ఉన్నాయి. అంటే బ్యాటరీ, డైనమో రెండూ బాగున్నాయి, దారిలో రెండున్నర వోల్టులు మాయమవుతున్నాయి. మీటరు చూపేది సగటు మాత్రమే. డోలు దెబ్బ పడిన క్షణంలో వోల్టేజి ఇంకా కిందికి, ఆంప్ ఆగిపోయే 10 వోల్టుల దరిదాపులకు దిగుతుందని అర్థమైంది. ఆ రెండున్నర ఎక్కడ పోతున్నదో విడివిడిగా చూడాలి. బానెట్ నుంచి డిక్కీ దాకా చేరే పొడవైన సన్న వైరును మీటరు కొసకు కలిపి, బ్యాటరీ ప్లస్‌కూ ఆంప్ ప్లస్‌కూ మధ్య కొలిస్తే 0.9 వోల్టు వచ్చింది. బ్యాటరీ మైనస్‌కూ ఆంప్ ఎర్త్ టెర్మినల్‌కూ (కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగిపోయే కొసకు) మధ్య కొలిస్తే 1.6 వోల్టులు. రెండూ కూడితే సరిగ్గా రెండున్నర. లెక్క సరిపోయినప్పుడు కలిగిన నిశ్చింత ఇంతా అంతా కాదు, ఎందుకంటే అనుమానించవలసిన చోట్లు ఇక వేరే లేవు.

ఎర్త్ వైరును వెతుక్కుంటూ పోతే అది డిక్కీలో, స్టెప్నీ టైరు గుంతలో, ఒక చిన్న రేకు మర కింద తేలింది. పెయింటు గీకకుండానే మర దిగగొట్టారు. ఆ మర పళ్లు రేకును కోసిన సన్నని అంచు తప్ప ఆంప్‌కూ బాడీకీ మధ్య మరో సంబంధమే లేదు. దానికి తోడు మాది సముద్రపు ఒడ్డు. ఉప్పుగాలి డిక్కీ రబ్బరు సందుల్లోంచి చొరబడి, రేకుకు తుప్పు, రాగి పోగులకు పచ్చని చిలుము పట్టించింది. పరీక్ష ధ్వని ఆపిన వెంటనే ఆ మర తల మీద వేలు పెడితే చుర్రుమంది. ఇందులో ఆశ్చర్యం లేదు: 40 ఆంపియర్లు పారుతున్నాయనుకున్నా, 1.6 వోల్టుల నష్టమంటే ఆ ఒక్క చోట 64 వాట్ల వేడి పుడుతున్నదన్నమాట. సబ్‌వూఫర్‌కు చేరవలసిన శక్తి అక్కడ రేకును కాలుస్తున్నది. కారులో అగ్గి పుట్టడానికి ఇలాంటి చోట్లు చాలు; పాట ఆగిపోవడంకన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ విప్పి పక్కన పెట్టాను. గుంతకు పక్కన, దళసరి ఇనుము ఉన్నచోట, అడుగున పెట్రోలు ట్యాంకు గాని, గొట్టాలు గాని లేవని కారు కిందికి దూరి చూసుకున్నాకే 8 మిల్లీమీటర్ల బోల్టుకు రంధ్రం వేశాను. చుట్టూ పెయింటును ఎమరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా రుద్ది, వైరు కొసకు రాగి లగ్గు (బోల్టు దూరే రింగు) నొక్కించి, స్టార్ వాషర్ వేసి, బోల్టు బిగించి, బిగింపు పూర్తయ్యాక పైన వాజిలిన్ దట్టంగా పూశాను. దగ్గరలో సీటు బెల్టు బోల్టు ఉంది. చాలామంది సులువుగా ఉంటుందని దాని కిందే ఎర్త్ బిగిస్తారు. ప్రాణం కాపాడే బోల్టు కింద మరొక వస్తువు దూర్చడం నాకు సమ్మతం కాదు. బానెట్ కింద బ్యాటరీ మైనస్ నుంచి బాడీకి వెళ్లే వైరు కూడా సన్నదే. డిక్కీలో ఎంత మంచి ఎర్త్ వేసినా, కరెంటు తిరిగి బ్యాటరీకి చేరవలసిన దారి ఇదే గనుక, దానికి తోడుగా మరో లావు వైరు వేశాను.

ప్లస్ వైరు సంగతి ఇంకా విచిత్రం. పైకి బొటనవేలంత లావు, ఎర్రని మెరిసే తొడుగు. కొస కోసి చూస్తే లోపలి లోహం తొడుగులో సగం కూడా లేదు. ఒక పోగును బ్లేడుతో గీకితే పైన రాగి పూత, లోపల తెల్లని అల్యూమినియం. రాగితో పోలిస్తే అల్యూమినియం విద్యుద్వాహకత సుమారు 61 శాతమే. పైగా బిగించిన చోట కాలక్రమేణా నలిగి వదులవుతుంది, ఉప్పుగాలికి త్వరగా పాడవుతుంది. బ్యాటరీ దగ్గరి ఫ్యూజు హోల్డరులో కూడా ఈ వైరు వదులుగా ఉండి, 0.9లో 0.3 వోల్టు అక్కడే పోతున్నది.

కొత్త వైరు కోసం కారు ఆడియో దుకాణాలకు వెళ్లలేదు. వెల్డింగ్ కేబుల్ కొందామని బాబాయ్ సలహా ఇచ్చారు. చీమకుర్తి గ్రానైటు క్వారీలు, పాలిషింగ్ యూనిట్ల పుణ్యమా అని ఒంగోలులో మెషినరీ సామాన్లు అమ్మే దుకాణాలకు కొదవ లేదు. 25 చదరపు మిల్లీమీటర్ల రాగి వెల్డింగ్ కేబుల్ మీటర్ల లెక్కన దొరికింది. సన్నని పోగులు కనుక బాగా వంగుతుంది, అడ్డుకోత కొలత కేబుల్ మీదే అచ్చువేసి ఉంటుంది. అల్యూమినియం వెల్డింగ్ కేబుల్ కూడా అమ్ముతారు కాబట్టి అక్కడే కొస గీకి చూసి తీసుకున్నాను. 5 మీటర్ల పొడవుకు ఈ రాగి నిరోధం సుమారు 3.4 మిల్లీఓమ్‌లు, 40 ఆంపియర్లకు నష్టం 0.14 వోల్టు. ఇంజిన్ గది నుంచి లోపలికి వచ్చే రంధ్రంలో రబ్బరు గ్రామెట్, దాని పొడవునా ముడతల గొట్టం వేశాను, ఎందుకంటే పదునైన రేకు అంచు రబ్బరు తొడుగును ఎప్పటికైనా కోస్తుంది. బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపు 60 ఆంపియర్ల ఫ్యూజు. ఈ ఫ్యూజు ఆంప్‌ను కాపాడటానికి అని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది వైరును, వైరు ద్వారా కారును. ఆంప్ పక్కన ఎన్ని ఫ్యూజులున్నా, ఇది లేకపోతే దారి మధ్యలో వైరు బాడీకి తగిలినప్పుడు ఆపేది ఏదీ ఉండదు. వైరు పరిచేటప్పుడు ముందు సీట్ల కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తాయి. అవి ఎయిర్‌బ్యాగ్‌లకు సంబంధించినవి, వాటిని ముట్టుకోకూడదు.

అంతా బిగించాక అదే ధ్వని, అదే స్థాయిలో మోగించి కొలిస్తే బ్యాటరీ దగ్గర 13.7, ఆంప్ దగ్గర 13.4 వోల్టులు. ఎర్త్ వైపు నష్టం 0.1, ప్లస్ వైపు 0.2.

ఇక మిగిలింది గెయిన్ సర్దడం. గెయిన్ మర శబ్దం పెంచేది కాదు. స్టీరియో ఇచ్చే సంకేతానికీ ఆంప్ సామర్థ్యానికీ పొత్తు కుదిర్చేది. మా ఆంప్‌లో దాన్ని చివరిదాకా తిప్పేసి ఉంచారు, మంద్రధ్వనిని అదనంగా పెంచే బాస్ బూస్ట్ కూడా పూర్తిగా. సబ్‌వూఫర్ తట్టుకునేది 300 వాట్లు, నిరోధం 2 ఓమ్‌లు. రెంటినీ గుణిస్తే 600, దాని వర్గమూలం సుమారు 24.5; 300 వాట్లకు ఆంప్ ఇవ్వవలసిన వోల్టేజి అదే. స్పీకర్ వైర్లు విప్పి, బూస్ట్ తీసేసి, స్టీరియో శబ్దాన్ని ముప్పాతిక దగ్గర ఉంచి, పూర్తి స్థాయిలో రికార్డు చేసిన 50 హెర్ట్జ్ ధ్వని మోగిస్తూ, ఆంప్ అవుట్‌పుట్ దగ్గర ఏసీ వోల్టేజి 24.5 చేరేదాకా గెయిన్ తిప్పి వదిలేశాను. మామూలు మీటర్లు ఇళ్లలోని 50 హెర్ట్జ్ కరెంటును కొలవడానికి చేసినవే గనుక ఈ పౌనఃపున్యం దగ్గర వాటిని నమ్మవచ్చు. మంద్రధ్వనులను మాత్రమే సబ్‌వూఫర్‌కు పోనిచ్చే లో పాస్ ఫిల్టర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాను. తర్వాత సబ్‌వూఫర్ వైర్లను ఒకసారి తారుమారు చేసి, డ్రైవర్ సీట్లో కూర్చుని విన్నాం. ఒక దిశలో డోలు డొల్లగా, దూరం నుంచి వస్తున్నట్టు వినిపించింది. రెండో దిశలో ముందు తలుపుల స్పీకర్లతో కలిసి నిండుగా పలికింది. నాన్నగారు రెండోదాన్నే ఖాయం చేశారు.

ఆ తర్వాత ఒంగోలు నుంచి టంగుటూరు, సింగరాయకొండ, కావలి మీదుగా నెల్లూరు దాకా జాతీయ రహదారి మీద కచేరీ మొత్తం, డోలు ఒక్కటే మోగే తని ఆవర్తనంతో సహా, ఒక్కచోట కూడా తెగకుండా విన్నాం. ఆంప్ పాతదే, సబ్‌వూఫర్ పాతదే. మారినవి వైర్లు, అతుకులు, ఒక బోల్టు. మా తీరంలో అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను వానలు పడతాయి, డిక్కీ గుంతలో చెమ్మ చేరుతుంది. అందువల్ల వానలు వెలిసిన తర్వాత ఆ పొడవైన సన్న వైరునూ మీటరునూ బయటికి తీసి, ధ్వని మోగుతుండగా ఎర్త్ నష్టం కొలుస్తున్నాను. 0.2 వోల్టు దాటితే బోల్టు విప్పి, ఇనుమును తిరిగి ఎమరీతో రుద్ది, వాజిలిన్ పూసి బిగిస్తాను.